ముల్కోవాలు సీసా

బిడ్డను టీకాలు వేయు చోటికి ఎత్తుకొనిపోయిన తల్లి సాధారణముగా నొక ప్రశ్న యడుగును: "దీనివలన పిల్లకేమైన నయినచో మాకు దిక్కెవరండీ?" ఈ ప్రశ్నను మూఢత్వమని త్రోసివేయుట మన విద్యావంతులకు పరిపాటియైనది. నేనును చాలకాల మట్లే తలంచితిని. ముల్కోవాలు గ్రామపు కథ చదివిన పిమ్మట నా తలంపు మాఱినది.

1896 లో బొంబాయి నగరమున ప్లేగు పొడసూపెను. ఒడెస్సాలో జన్మించిన యూదుడగు వాల్డెమార్ హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు అంతకుముందే కలకత్తాలో కలరా టీకాను ప్రయోగించి పేరొందియుండెను. ఆయన బొంబాయికి వచ్చి, కొలది నెలలలో ప్లేగు సూక్ష్మజీవులను పెంచి, వేడిచే చంపి, మందు సిద్ధపఱచెను. 1897 జనవరి 10 వ తేదీని దానిని మొట్టమొదట తన యొడలిలోనికే యెక్కించుకొనెను. అంతకన్న పెద్ద పూచీ నొక మనుష్యు డీయలేడు. కాని లక్షలకొలది మోతాదులు రైలుబండ్లలో దూరదేశములకు పోవునపుడు, చేసినవాని ధైర్యమొక్కటే చాలదు గదా!

1902 లో పంజాబు ప్లేగుచే తల్లడిల్లుచుండెను. ప్రభుత్వమువారు ఊరూర టీకాలు వేయించుటకు పూనుకొనిరి. మందునకు గిరాకి హెచ్చెను. త్వరగా తయారుచేయవలసివచ్చుటచే, అన్య సూక్ష్మజీవులు చేరకుండ మందులో కలుపుచుండిన కార్బాలిక్ ఆమ్లమును మాని, వేడిమిచే శుద్ధిచేయుటనే హాఫ్కిన్ ప్రయోగశాల నమ్ముకొనెను. అక్టోబరు 30 వ తేదీని ముల్కోవాలులో 107 మందికి అయిదు సీసాల మందు వేసిరి. వారము గడచునప్పటికి వారిలో కొందఱికి దవడలు బిగిసెను. నడుము విల్లువలె వంగెను. మనవారు ధనుర్వాతమని పేరిడిన వ్యాధియే యది. 53-ఎన్ అను సంఖ్యగల సీసానుండి మందు పొందిన 19 మందియు చనిపోయిరి. తక్కిన నాలుగు సీసాలవారు 88 మందికిని ఏ కీడును కలుగలేదు.

సీసాపై సంఖ్య యుండెను, ఏ సీసా మందు ఎవరికి వేసిరో వ్రాసియుండెను. ఆ వ్రాత లేనిచో 107 మందియు ఒకే మందు పుచ్చుకొన్నవారుగా లెక్కింపబడి, దోషమంతయు టీకాపై బడియుండెడిది. నేటి దినమున ప్రతి సీసాపైనను మనము చూచు బ్యాచి సంఖ్యకు ప్రయోజనమేమో యెవరైన నడిగినచో, ఈ యూరి పేరు చెప్పవచ్చును.

లెక్క యింత స్పష్టముగా నుండియు విచారణ మాత్రము తిన్నగా సాగలేదు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము, విషము ప్రయోగశాలలోనే సీసాలో చేరినదనియు, కార్బాలిక్ ఆమ్లమును మానుట తప్పనియు నిర్ణయించెను. హాఫ్కిన్ పదవి పోయెను. విచారణ పత్రములు 1906 వఱకు ప్రచురింపబడలేదు. ఆ నాలుగేండ్లును పంజాబు పల్లెలలో ప్లేగు తాండవించుచునే యుండెను. సూదిమందన్నచో జనులు తలుపులు మూసికొనుచుండిరి. వారిని నిందించుట కేమున్నది? పందొమ్మండుగురు చనిపోయిరని వారెఱుగుదురు. ఎందువలన చనిపోయిరో వారితో నెవరును చెప్పియుండలేదు.

పత్రములు వెలువడిన పిమ్మట నిజము బయటపడుటకు ఎంతోకాలము పట్టలేదు. సీసా విప్పునపుడు సహాయకుని చేతిలోని పట్టుకారు నేలబడినది. దానిని నిప్పుపై కాల్చక, మందునీటిలో ముంచి మరల వాడినారు. సీసా విప్పిన వైద్యుడు మందును వాసన చూచి, చెడువాసన యేమియు లేదని సాక్ష్యమిచ్చియుండెను. ధనుర్వాతపు సూక్ష్మజీవులు బొంబాయినుండియే సీసాలో పెరుగుచు వచ్చినచో వాసన తప్పక యుండెడిది. ఈ సంగతులను 1907 లో లండను టైమ్స్ పత్రికలో రొనాల్డ్ రాస్ వాదించెను. సికింద్రాబాదులో 1897 న దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొన్న రాసే యీయన. జూలైలో పదిమంది శాస్త్రజ్ఞులు చేవ్రాళ్లు చేసిన లేఖయు నందే వెలువడెను. ఆ యేటనే హాఫ్కిన్ నిర్దోషియని ప్రభుత్వమువారొప్పుకొనిరి. 1925 లో ఆ ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టిరి. చనిపోయినవారి కుటుంబములకు కారణమెవరైన పోయి చెప్పిరో లేదో ఈ చరిత్రలో నెచ్చటను నాకు కనబడలేదు.

ముల్కోవాలు నేడు పాకిస్తానులో నున్నది. దూరపు కథయని చదువరులు తలంపవచ్చును. కాని తల్లి యడుగు నా ప్రశ్న మన ఖమ్మము జిల్లాలోను వినబడినది. 2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశమున, పాత్ అను విదేశ సంస్థయు భారత వైద్య పరిశోధన మండలియు కలిసి, పది మొదలు పదునాలుగేండ్ల బాలికలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకా వేయించుటకు పూనుకొనెను. గుజరాతులోని వడోదరలోను ఇట్టి కార్యమే జరిగెను. రెండు రాష్ట్రములలో కలిసి ఏడుగురు బాలికలు మరణించిరి. 2010 ఏప్రిలులో పని నిలిపివేసిరి. విచారణ జరిపిన సంఘము ఒక బాలిక నీటిలో మునిగిపోయినదనియు, ఒకతె పాముకాటుననియు, ఇద్దఱు పురుగుల మందు త్రాగుటచేతననియు, ఒకతె మలేరియాచేననియు, ఇద్దఱి విషయము నిశ్చయింప నలవికాలేదనియు చెప్పి, టీకాతో సంబంధముండుట మిక్కిలి అసంభావ్యమని తేల్చెను. ఆ టీకా వేసిన దేశములలో క్యాన్సరు తగ్గినదని అటుపిమ్మట రూఢియైనది గూడ.

అయినను జనుల సందేహము తీరలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము సమర్పించిన నివేదికలో దానికి కారణము కనబడుచున్నది. పరిశీలించిన 9,543 సమ్మతిపత్రములలో 1,948 వ్రేలిముద్రలు. 2,763 వసతిగృహపు వార్డెనుల సంతకములు. టీకా తరువాత కీడు కలిగినచో కనిపెట్టి వ్రాసికొని చికిత్సచేయు ఏర్పాటు సరిగా లేదనియు ఆ నివేదిక చెప్పెను.

మరణములను గూర్చి విచారణ సంఘము చేసిన నిర్ణయము సరియైనదనియే నేను నమ్ముచున్నాను. నాకది అచ్చులో దొరకినది. చదువుకొనుటకు తీరిక యున్నది. కూతురును వసతిగృహములో నుంచి, ఆమెకు వేయు సూదిని గూర్చి తన్నెవరును అడుగని తల్లితో, నీవును దీనిని నమ్మవలెనని చెప్పుటకు మాత్రము నాకు నోరు రాకున్నది.