ఫ్లోరోసిస్: మండికల్, బాగేపల్లి, చింతామణి ప్రాంతం

తాగే నీటి ద్వారా ఒంట్లో చేరే ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడుచేసే వ్యాధి ఫ్లోరోసిస్. కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాలో, తెలుగు ఇంటిభాషగా ఉన్న మండికల్, బాగేపల్లి, చింతామణి పల్లెలకు ఇది బోరునీళ్లతో పాటు ముదిరిన బెడద.

పెన్న, చిత్రావతి, పాపఘ్ని నదులు పుట్టేది ఈ జిల్లాలోని నందికొండ చుట్టుపక్కలే. అయినా ఇక్కడ ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. పూర్వం జనం చెరువుల మీద, వాటి ఊటతో నిండే బావుల మీద బతికారు. చెరువులు పూడి బావులు ఎండాక బోర్లు వచ్చాయి. ఇప్పుడవి వెయ్యి అడుగులు దాటుతున్నాయి. గ్రానైట్, నైస్ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఆ రాతి ఖనిజాల ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు పరవాలేదనీ భారత ప్రమాణం. ఇక్కడి చాలా బోర్లు ఆ రెండో గీతనూ దాటాయి.

ఒంట్లో నిలిచిపోయే ఫ్లోరైడ్ దాదాపు అంతా చేరేది ఎముకల్లో, పళ్లలోనే. సుమారు ఎనిమిదేళ్లలోపు, చిగుళ్ల కింద పన్ను తయారవుతుండగా తగిలితే సున్నపు మచ్చలు, ఆపై గోధుమరంగు గార. ఆ వయసు దాటాక మొదటిసారి ఈ నీళ్లు తాగినవారికి పళ్లు బాగానే ఉండి నడుము పట్టేయవచ్చు. కీళ్ల చుట్టూ ఉన్న స్నాయువులు గట్టిపడి, వెన్ను కర్రలా బిగుస్తుంది. ముదిరితే వెన్నుపాము నొక్కుకుని కాళ్లు చచ్చుబడతాయి. అలా మారిన ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు.

మనదేశంలో మనుషుల్లో ఈ వ్యాధిని గుర్తించి రాసింది 1937లో. షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల రోగులను పరిశీలించింది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోవడాన్ని దీనితో ముడిపెట్టారు. అన్నం తినేవారికంటే జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని అదే సంస్థ తర్వాత చూపింది. తప్పంతా నీటిదే అనుకునేవారు గమనించాల్సిన సంగతి ఇది.

ఇదే ఫ్లోరైడును ఐర్లండ్ చట్టం చేసి మరీ నీళ్లలో కలిపింది. పిప్పిపళ్లు తగ్గడానికి 1960లో చట్టం తెచ్చి, 1964లో డబ్లిన్‌లో మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ మోతాదు లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాములు. దీన్ని సవాలు చేసిన గ్లాడిస్ ర్యాన్ కేసు ఓడిపోయింది. కానీ రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేకపోయినా, తన దేహానికి హాని జరగకుండా చూసుకునే హక్కు పౌరుడికి ఉందని కోర్టు ఆ తీర్పులోనే ఒప్పుకుంది. అక్కడ కలిపింది ప్రభుత్వం కాబట్టి ఎవరి మీద కేసు వేయాలో తెలిసింది. ఇక్కడ కలిపింది రాయి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడును పేరబెట్టే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. చవకే గానీ, మోతాదు చూసి కలిపే మనిషి రోజూ ఉండాలి. ఇప్పుడు ఊరూరా ఆర్‌వో ఫిల్టర్లు వచ్చాయి, జనం బిందెలూ క్యాన్లూ పట్టుకెళతారు. అవి వదిలేసే వృథా నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది; దాన్ని ఎక్కడ పారబోయాలన్నది తేలలేదు. బాగేపల్లికి చిత్రావతి మీది పరగోడు ఆనకట్ట కొంత ఆదుకుంది. చిక్కబళ్లాపురం వైపు చెరువులను బెంగళూరులో శుద్ధిచేసిన హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటితో నింపుతున్నారు. ఆ శుద్ధి రెండో దశతోనే ఆగుతోందని, మూడో దశ కూడా కావాలని రైతులు అడుగుతున్నారు.