పాతయంత్రము - మూలప్రతి



ముప్పదియేండ్లు బడిలో వ్యాకరణము చెప్పినవాడు డీసెలు ఇంజనులను గూర్చి పలుకుట మీకు వింతగా తోచవచ్చును. నా శిష్యుడొకడు రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేరి యుద్యోగమంతయు నచటనే గడపెను. వాని నోట వినినవి, పిదప నేను విచారించి తెలిసికొనినవి నేడు మీకు విన్నవింతును.

అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో షెనెక్టడీ యను పట్టణము గలదు. 1901లో కొన్ని కార్ఖానాలు గూడి అచట ప్రధానస్థానముగా ఆల్కో యను సంస్థ యేర్పడెను. 1962లో మన దేశమునకు వచ్చిన డబ్ల్యూ.డి.యం.-2 ఇంజను వారి కల్పనయే. పదునారు సిలిండర్లు, 2,600 గుర్రముల శక్తి. 1964 జనవరిలో కాశీ కార్ఖానా నుండి తొలి యింజను వెలువడెను. తరువాత నవి వేలకొలదిగా తయారై, కాజీపేట, గుత్తి, విశాఖ షెడ్ల వారికి ఇంటిబిడ్డలవంటివాయెను.

ఇంతలో 1969లో ఆల్కో మూతపడెను. నమూనాలు కెనడాలోని మాంట్రియలు సంస్థకు చేరెను. కన్నవారు పోయిరి, బిడ్డ మన పంచలో పెరుగుచుండెను. రోగము వచ్చిన నెవ్వరి నడుగవలెను? 1957లో లక్నోలో నెలకొనిన పరిశోధన ప్రమాణ సంస్థ యా భారమును వహించి, నిర్వహణసూచనలను పంపుచు వచ్చెను. విడిభాగములకై పటియాలాలో వేరొక కార్ఖానాకు 1981లో పునాది వేసిరి.

అయినను చిక్కు తీరలేదు. మన తాళపత్ర గ్రంథములకు పాఠభేదము లున్నట్లే, యంత్రములకును గలవు. 1962 నాటి పుస్తకములోని యింజను షెడ్డులో నున్న యింజను గాదు. వాక్యూము బ్రేకు పోయి గాలిబ్రేకు వచ్చెను. 1994లో 3,100 గుర్రముల శక్తి గల రూపము వచ్చెను. కావున పుస్తకము దొరకిన మాత్రమున పని కాదు. ఇంజను సంఖ్య యేది, ఏ యేట మార్పు జరిగెను, భాగముపై నున్న డ్రాయింగు సంఖ్య యేది, ఆ డ్రాయింగు నెన్నవ మారు సవరించిరి - ఇన్నియు చూచిన తరువాతనే స్పానరు పట్టవలెను. (శాస్త్రములో మాత్రము మూలము చూడక వ్యాఖ్య చెప్పువారు లేరా!)

ఒకమారు పాత ప్రతిలోని కొలత చూచి సిలిండరు హెడ్డు బోల్టులు బిగించిరట. నీరు కారుచునే యుండెను. రెండు దినములు వెదకి వెదకి, తుదకు నొక ముసలి మేస్త్రీ పుస్తకపుటంచున పెన్సిలుతో వ్రాసికొనిన సవరణ వలన గండము గడచెను. నాటినుండి నా శిష్యుడు ప్రతి సవరణమును తెలుగులో నొక నోటుబుక్కున వ్రాసికొనుచుండెను.

2019లో కాశీ కార్ఖానా విద్యుత్తింజనులకు మరలెను. 2020లో దాని పేరు సయితము మారెను. షెడ్డులోని పాత కాగితములు చిత్తుగా తూకమునకు పోవుచుండగా, వాడు తన నోటుబుక్కును నా యొద్దకు తెచ్చి, "పంతులుగారూ, శుద్ధప్రతి వ్రాసి యిండు. ప్రదర్శనశాలలో నిలిపిన యింజనును రేపెవరైన నడుపదలచిన నేమి చూచుకొందురు?" అనెను.

నాలుగు నెలలుగా వ్రాయుచున్నాను. ఒక పుటలో నొకే బోల్టునకు రెండు కొలత లున్నవి. ఏది యే యింజనుదో వానికి జ్ఞప్తి లేదు. ఒకటి కొట్టివేయుమనెను గాని, నాకు చేయి రాలేదు. రెంటిని నట్లే యుంచి, ప్రక్కన నొక ప్రశ్నార్థకము వ్రాసితిని.