శంకావిషము: మన్నెపుసీమ వెఱపు

శృంగవరపుకోట దాఁటి యనంతగిరి కనుమ నెక్కినవారికి సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నరకులోయ కానవచ్చును. ఈ లోయయు దీనిఁ జుట్టియున్న కొండలును జిరకాలము విశాఖపట్టణపు మన్నెమని పేరందినవి. 1839వ సంవత్సరపు 24వ చట్టముచే నీ కొండసీమ సామాన్యన్యాయస్థానముల యధికారమునుండి తప్పింపఁబడి, ఏజెంటను పేరఁ గలెక్టరున కప్పగింపఁబడెను. ఏజెన్సీ యను వాడుక నాఁటిది. మైదానపువారి కా పేరు వినఁగానే తోఁచెడిది కొండల సొగసు గాదు, జ్వరము. చలితో వణఁకించి, పిదప శిరస్సున కెక్కి, ప్రలాపమును, ఈడ్పులును, తెలివితప్పుటయుఁ గలిగించి ప్రాణముఁ గొను జ్వరము. ఫాల్సిపరమను సూక్ష్మజీవి మూలమున మెదడునకు సోఁకు మలేరియా యని నేఁటి వైద్యులు దీనిని వ్యవహరింతురు. కాఁబట్టి యా వెఱపు నిర్హేతుకము గాదు. కాని వెఱపు రోగమునకంటె దూరము ప్రాఁకినది. రోగము తగులనివానికిని దలనొప్పి వచ్చినయెడ మన్నెపుజ్వరమే తలకెక్కుచున్నదను దిగులు పుట్టుచుండెను.

గాలికొండ కథ యిందులకు నిదర్శనము. అరకునకుఁ జేరువనున్న యీ కొండ యెత్తైనది, చల్లనిది. విశాఖపట్టణమందలి యాంగ్లేయసైనికుల కారోగ్యస్థానముగా నుపకరించునేమో యని 1860 ప్రాంతమునఁ బ్రభుత్వమువారు దీనినిఁ బరీక్షించిరి. ఆరోగ్యముకొఱకుఁ బోయినవారిని జ్వరమే యెదుర్కొనెను, ప్రయత్నము విడువఁబడెను. చల్లనిగాలి గలచోటనే జ్వరము గలుగుటచే గాలియందే విషము గలదను తలఁపు మఱింత బలపడుట సహజము. 1897 ఆగస్టు 20వ తేదిని సికింద్రాబాదున రోనాల్డు రాసు దోమకడుపులో మలేరియాజీవినిఁ గనుఁగొనినపిదపఁ గాని గాలియు నీరును నిరపరాధులని తేలలేదు. అంతవఱకు మన్నెమంతయు నొక చీఁకటి. అందు దేనివలన నేమి సోఁకునో యెవ్వరికిని దెలియదు.

చీఁకటి యను మాట యిచట నూరక వాడఁబడలేదు. చరకసంహితయందు విషచికిత్సితమను 23వ చికిత్సాధ్యాయము సరిగా నిట్టి స్థితినే చెప్పుచున్నది. (ఆ యధ్యాయము దృఢబలుఁడు పూరించినవానిలోనిదని పలువురి మతము.) గాఢాంధకారమున నేదియో గ్రుచ్చుకొనఁగా, విషజంతువు కఱచెనేమో యను శంక యొకనికిఁ బుట్టును. ఆ యుద్వేగముచేతనే జ్వరము, వాంతి, మూర్ఛ, ఒడలిమంట, గ్లాని, మోహము, అతిసారము గలుగవచ్చును. దీనికి శంకావిషమని పేరు.

ఈ సమాసము విచారింపఁదగినది. శంకయే విషమని కర్మధారయముగ విగ్రహము సేయువారు గలరు. అట్లైన విషము లేదు, శంకమాత్రమే కలదు. రోగి పడుబాధ భ్రమయని తేలును. శంకచే విషమని కేవలతృతీయాతత్పురుషము సేయుదమన్నచో నుత్తరపదము కృదంతమును గాదు, గుణవచనమును గాదు గనుక సూత్రము సమ్మతింపదు. శాకపార్థివాదులయందువలె మధ్యమపదలోపము నంగీకరించి, శంకాజన్యమైన విషమనుటయే యుక్తము. గ్రంథసందర్భమును దీనినే బలపఱచుచున్నది: ఉద్వేగము కారణము, జ్వరాదులు కార్యము, కార్యము సత్యమే. ఇది వట్టి వైయాకరణవినోదము గాదు. మొదటి విగ్రహమున వైద్యుఁడు రోగిని నవ్వి పంపవచ్చును. రెండవదానియందుఁ జికిత్స సేయక తప్పదు. గ్రంథకర్త చికిత్స చెప్పియే యున్నాఁడు.

ఆ చికిత్స యెట్టిది? చక్కెర, ద్రాక్ష, యష్టిమధుకము, తేనె మున్నగు మధురద్రవ్యములతోఁ గూడిన పానము. మంత్రపూతమైన నీటిని జల్లుట. సాంత్వనము, హర్షణము, అనఁగా నూఱడించుట, సంతోషపెట్టుట. ఇదే యధ్యాయమున నిజమైన విషమునకు 24 ఉపక్రమములు చెప్పఁబడినవి. వానిలో మంత్రముతోపాటు కాటును గోయుట, పిండుట, కాల్చుట మున్నగు క్రూరకర్మములును గలవు. శంకావిషమున మంత్రజలము నిలిచినది గాని కత్తియు నిప్పును మాత్రము లేవు. కేవలశంకచే నొచ్చినవాని శరీరమును గోయరాదను వివేక మిందుఁ గానవచ్చుచున్నది. సుశ్రుతుఁడును సర్పము తాఁకినమాత్రమున భీరువునకు భయకుపితమైన వాయువు వాపు గలిగించునని చెప్పి, దానికి సర్పాంగాభిహతమని వేఱుపేరు పెట్టెను. భీరువను పదమును జేర్చుటలోని నేర్పు గమనింపఁదగును.

ఇఁక వెఱ్ఱికుక్కకాటునకు వత్తము. మెదడును జెఱుచు రోగములలో నింతకంటె నెక్కువ వెఱపు గొల్పునది లేదు. ఏలయన కాటునకును రోగలక్షణములకును నడుమ సాధారణముగ నొకటి మొదలు మూఁడునెలలు గడచును, ఒక్కొకప్పు డేఁడాది దాఁకను బట్టును. గాయము మానినను శంక మానదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున 7వ యధ్యాయ మీ యలర్కవిషమును వర్ణించినది. దోషము సంజ్ఞావహస్రోతస్సుల నాశ్రయించి కుక్క, నక్క మున్నగువానిని వెఱ్ఱెత్తించుననియు, అట్టిదానిచేఁ గఱవఁబడినవాఁడు నీటినిఁ జూచి గాని తాఁకి గాని యడలినచో నది జలత్రాసమను మరణచిహ్నమనియు నందుఁ గలదు. అంతటితో నాఁగక, కఱవఁబడనివాఁడైనను జలత్రాసము గలిగెనేని జీవింపఁడని సుశ్రుతుని నిర్ణయము.

ఈ కడపటి వాక్యము చరకమతమునకు విరుద్ధమువలెఁ దోఁచును. కఱవఁబడనివానికి వచ్చినది శంకావిషమేకదా, అది సాంత్వనముతోఁ దీఱవలదా యని పూర్వపక్షము. సమాధానము లక్షణముల పట్టికలోనే యున్నది. చరకోక్తమైన యేడు శంకావిషలక్షణములలో జలత్రాసము చేరలేదు. శంకచే మూర్ఛిల్లవచ్చును, వాంతి చేసికొనవచ్చును. కాని నీరు గొంతునొద్దకు రాఁగానే కంఠము బిగిసికొనుట శంకావిషలక్షణముగఁ బఠింపఁబడలేదు. కాఁబట్టి రెండు గ్రంథముల విషయములు భిన్నములు. సుశ్రుతుని యదష్టశబ్దమునకుఁ గాటు కనఁబడనివాఁడని యర్థము చెప్పుట సమంజసము. వెఱ్ఱికుక్క గోటిగీఁతవలనను, పుండుపై దాని లాల తగులుటవలనను రోగము రావచ్చునని నేఁటి వైద్యమును జెప్పుచున్నది.

సుశ్రుతుఁ డింకొక మాట చెప్పెను: విషము తనంతఁ బ్రకోపించినచో మనుష్యుఁడు బ్రదుకఁడు గావున, అది కోపింపకమునుపే వైద్యుఁడు దానినిఁ బ్రకోపింపఁజేసి వెడలఁగొట్టవలెను. ఇందువలన సుశ్రుతుఁడు టీకా నెఱుఁగునని చాటుట సాహసము. ఆయన చెప్పినవి కాటును స్రవింపఁజేసి కాఁగిన నేతితోఁ గాల్చుట, పురాణఘృతపానము, ఉమ్మెత్త మున్నగునవి. కాని రోగము నిశ్చయమగువఱకు వేచియుండరాదను సూత్రము మాత్రము సత్యము. 1885 జూలై 6వ తేదిని పారిసున లూయీ పాస్చరు వెఱ్ఱికుక్క కఱచిన బాలునికిఁ జేసిన చికిత్స యీ సూత్రమునకు లోఁబడినదే. లక్షణములు పుట్టినపిదప బ్రదికినవారు నేఁటికిని మిక్కిలి యరుదు.

ఈ చికిత్స మనదేశమునకు 1900లోఁ గసౌలియందును, 1907లో నీలగిరులలోఁ గూనూరునందును నెలకొల్పఁబడిన పాస్చరుసంస్థలతో వచ్చినది. మదరాసురాజధాని కంతటికిని గూనూరే దిక్కు. అరకువాని కది యెంతదూరమో యూహింపవలెను: కనుమ దిగవలెను, రైలున మదరాసు చేరవలెను, అచటినుండి మెట్టుపాళయమునకుఁ బోయి కొండరైలెక్కవలెను. అంతదూరమును శంకయే వానికిఁ దోడు. 1911లో డేవిడు సెంపులు గసౌలియందు గొఱ్ఱెమెదడునుండి కార్బాలికామ్లముతో టీకామందు సిద్ధపఱచెను. క్రమముగ నది దూరపు టాసుపత్రులకుఁ బంపుట సాధ్యమయ్యెను. కడుపుపైఁ బలుదినములు సూదిమందు వేయవలసియుండెను. ఇందొక విపర్యాసము: ఆ మందునందలి మెదడుపదార్థముచే నెవరో కొందఱికిఁ బక్షవాతమువంటి నరములరోగము వచ్చుచుండెను. రోగమునకు వెఱచినవాఁడు మందునకును వెఱవవలసివచ్చినది. ఆ మందు 2005 నాఁటికి మనదేశమున విడువఁబడెను. నేఁటి మందు కణములయందుఁ బెంచినది, చేతికే వేయఁదగినది.

కొండలలో నీ శంక నెవరు తీర్చిరి? అరకుప్రాంతపుఁ గొండజాతులలో దిసారి గలఁడు. తిథినక్షత్రముల నెఱిఁగినవాఁడు, మంచిచెడ్డలు చెప్పువాఁడు, మందుమాకు లిచ్చువాఁడు. రోగి యింటికిఁ బోవును, అడుగును, వినును, కారణమునకొక పేరు పెట్టును. చరకుఁడు సాంత్వనమన్న దానిలోఁ జాలభాగ మిదియే. చదువుకొన్నవారు దీనినిఁ బరిహసింతురు, పరిహాసము తగదు. చీఁకటిలో ముల్లు గ్రుచ్చుకొని పాముకాటని వడఁకువానికి దిసారి మాట చక్కెరపానకమువంటిదే. కాని వెఱ్ఱికుక్కకాటునం దదే యూఱడింపు చేటు తెచ్చును, ఏలయన ప్రొద్దు గడపును. అచట శంకను జల్లార్పరాదు, శంక చెప్పినట్లే నడువవలెను: కాటును బదునైదు నిమిషములు సబ్బునీట కడిగి, ఆనాఁడే యాసుపత్రి చేరవలెను. జ్వరమునందు రక్తబిందువును బరీక్షించు వఱకు సాంత్వనము చాలదు.

శంకాశబ్దమునకు సంశయమనియు భయమనియు రెండర్థములు గలవు. సంశయమును నైయాయికులు పదార్థములలో మూఁడవదిగఁ బరిగణించిరి, అది విచారమునకు బీజము గనుక. టీకా యంతయు వేయించుకొన్నవానికి సంశయము తీఱును; భయము నెలలకొలఁది మిగులవచ్చును. అప్పుడు మిగిలినది చరకుఁడు చెప్పిన శంకావిషమే. దానికిఁ జరకుఁడు చెప్పిన సాంత్వహర్షణములే యిప్పటికిని జికిత్స.