తురుష్కభాషలలో శిలావాచకము

తాష్కెంటు నగరనామము 1966 నాటి సంధివలన భారతదేశమున సుపరిచితమైనది. ఆ నగరమునకుఁ బూర్వనామము చాచ్. తురుష్కభాషానిఘంటుకర్తయగు మహమూద్ కాష్గరీ 11వ శతాబ్దియందే నూతననామమునకు శిలానగరమని యర్థము చెప్పెను. ఇందు ఉత్తరపదము ఇరానీయము, పూర్వపదము తురుష్కము. ఆ పూర్వపదముయొక్క మూలరూపమిచట విచార్యము.

మంగోలియాయందలి ఓర్ఖోన్ లోయలో 732వ సంవత్సరపు కుల్‌తిగిన్ శాసనము కలదు. దాని లిపిని డెన్మార్కు పండితుఁడు విల్హెల్మ్ తోమ్సెన్ 1893లో ఛేదించెను. అందు శిలకు ‘తష్’ శబ్దమే కానవచ్చుచున్నది. శాసనప్రామాణ్యమునుబట్టి యిదియే మూలమనుట సులభము. కాని ప్రాచీనలేఖనము వేఱు, ప్రాచీనరూపము వేఱు.

శిలను టర్కీవారు తష్ అనియు, కజకులు తస్ అనియు, తుర్క్‌మెనులు దాష్ అనియు, యాకుతులు తాస్ అనియుఁ బలుకుదురు. తుర్క్‌మెనులు కాస్పియన్ సముద్రప్రాంతీయులు. యాకుతులు ఈశాన్య సైబీరియావాసులు. ఇంత దూరస్థులైన యిరువురియందును దీర్ఘము నిలిచియుండుటచే మూలమున దీర్ఘమే యుండెనని నిశ్చయింపవచ్చును. ఓర్ఖోన్ లిపియం దకారదైర్ఘ్యమునకు గుర్తు లేదు గనుక శాసనమిందుకు బాధకము కాఁజాలదు.

హల్లు విషయమునఁ జిక్కు హెచ్చు. వోల్గాప్రాంతపు చువాషులు శిలను ‘చుల్’ అందురు. శీతకాలమునకు టర్కీ కిష్, చువాషు హెల్. షకారమే మూలమై చువాషున లకారమయ్యె నందమా? తలకు టర్కీ బష్, చువాషు పుశ్. ఇచట లకారము రాలేదు. లకారమే మూలమై టర్కీయందు షకారమయ్యె నందమా? బాహువునకు టర్కీ కొల్, చువాషు హుల్. ఇచట లకారము మాఱలేదు. ఒకే స్థానికి నిర్నిమిత్తముగ రెండాదేశములు చెప్పుట శాస్త్రసమ్మతము గాదు. కావున మూలమున మూఁడు స్థానులుండె ననుటయే యుక్తము. శిలాశబ్దమందలి హల్లును పెక్కురు తాలవ్యలకారముగాఁ దలంతురు. ఫిన్లండు పండితుఁడు రామ్‌స్టెట్ (1873–1950) అంతస్థమే మూలమని వాదించెను. మంగోలియను ‘చిలగూన్’ శబ్ద మీ పక్షమునకు ఉపోద్బలకము. అది జ్ఞాతియో, యెరువో యను వివాదము మాత్రము కలదు. షకారమూలవాదులును గలరు, లకారోత్పత్తికి నిమిత్తమును జూపవలసిన భారము వారిది.

షకారసకారరూపము లెన్నియున్నను అవి యొక్క శాఖవే యగుటచే హల్విచారమున నొక్క సాక్షిగానే గణింపఁబడును. రెండవ సాక్షి ముందుగా విడివడిన శాఖ. అందు నేఁడు మిగిలినది చువాషొక్కటే. ఆ భాషయే నశించియున్నచో, హల్లు విషయమున షకారమే మూలమని పండితులు తలంచియుండుట సంభవము.