తోపులో కట్టుకున్న సంఘం

ఒంగోలు క్రైస్తవుల చరిత్ర అనగానే అందరూ 1878 జులై 3 గురించే చెబుతారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గొప్ప సంగతే. అయితే ఆ ప్రవాహానికి ఊట చూడాలంటే పదకొండేళ్ళు వెనక్కి, ఒంగోలుకు 40 మైళ్ళ దూరాన ఉన్న తాళ్ళకొండపాడు మాదిగపల్లెకు పోవాలి.

అక్కడ యర్రగుంట్ల పేరయ్య ఉండేవాడు. తోళ్ళ బేరగాడు. సరుకు కోసం ఉత్తరాన ఏలూరు వైపు దాకా తిరిగేవాడు. బేరంతో పాటు మరో వెతుకులాట కూడా ఆయనకుండేది. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చి, తానే పదిమందికి బోధించే స్థితికి వచ్చాడు. క్రీస్తు మాట చెవిన పడ్డది ఆ వ్యాపారపు దారుల్లోనే. 1866లో ఆయనా, భార్య నాగమ్మా మిషనరీ జూవెట్ దొర చేత బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టిందీ ఆ ఏడే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడితే సభ్యులు ఎనిమిది మంది.

అప్పటికే పేరయ్య తన చుట్టాల పల్లెలన్నీ తిరిగి చెప్పి ఉన్నాడు. ఆయన పిలుపు మీదే క్లౌ ఆ జనవరిలో బయల్దేరి తాళ్ళకొండపాడు పక్క తోపులో గుడారం వేశాడు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తిండి మూటలు, మార్చుకునే గుడ్డలు వెంట తెచ్చుకున్నారు. మునగడానికి సిద్ధపడే వచ్చారన్నమాట! కొద్ది రోజుల్లో 28 మంది బాప్తిస్మం పొందారు. గుడి లేదు, గంట లేదు. అయినా సంఘం నిలబడింది. దీన్ని దొర తెచ్చిన మతం అనే వాళ్ళు ఈ తోపును ఒకసారి తలుచుకోవాలి. దొర వచ్చేసరికే ఇక్కడ పొలం దున్ని ఉంది.

చేరిన వాళ్ళకు మూడు కట్టుబాట్లు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ అప్పటి పల్లె బతుకంతా వీటితోనే ముడిపడి ఉండేది. రైతుకు చెప్పులు కుట్టాలి, నీళ్ళు తోడే కపిలకు తోలు బాన కుట్టాలి, పిలిచినప్పుడు వెట్టికి పోవాలి. కళ్ళంలో కొలిచే గింజలు, చచ్చిన గొడ్డు దానికి ప్రతిఫలం. అమ్మవారి జాతరలో డప్పు కొట్టాల్సిందీ వీళ్ళే. ‘ఆదివారం రాను, జాతరకు కొట్టను’ అన్న మనిషి ఊరి ఏర్పాటు మొత్తాన్నీ కాదన్నట్టే. పెద్దల ఆగ్రహాన్ని కాచుకుంటూ, ఆకలికి ఓర్చుకుంటూ ఆ మాట మీద నిలబడ్డ తొలితరాన్ని తలుచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వాళ్ళకు కూలి పని చూపాడు. మట్టి తవ్వుతున్న వాళ్ళ మధ్య బోధకులు పనిచేశారు. కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. గింజల కోసం వచ్చారనే మాట పడకూడదని. కరువు సాయం పంచడం ముగిశాక కూడా జనం వెనక్కి పోలేదు, గుండ్లకమ్మ ఒడ్డుకు వచ్చారు. ఆ జులై 3న నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున, ఆరుగురు.