చాపకూడు వండిందెవరు?

పల్నాడు అనగానే అందరికీ నాయకురాలు నాగమ్మ గుర్తుకొస్తుంది. నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపిన మనిషి. అదే పని మగవాడు చేస్తే రాజనీతి, ఆవిడ చేస్తే జిత్తులమారితనం! ఆ తరవాత, మొగుణ్ణి యుద్ధానికి సాగనంపిన మాంచాల. వీళ్ళిద్దరి గురించీ మీరు చదివే వుంటారు. నా సందేహం వేరు.

మాచర్ల పక్కనుంచి పారే చంద్రవంక ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల ఎత్తునుంచి దూకి, కృష్ణలో కలవడానికి పోతుంది. అక్కడ నిలబడి అందరూ అందం గురించి మాట్లాడుకుంటుంటే, నాకు మాత్రం బిందెలు గుర్తొచ్చాయి. (ఆడబుద్ధి అంటారు మావారు. అననివ్వండి.) 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు ఈ వాగు ఒడ్డునున్న మాచర్లలోనే గదా చాపకూడు పెట్టించాడంటారు! కులం అడక్కుండా అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టాడు. మాల కన్నమదాసుని కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడు. చాలా గొప్ప సంగతి. కాని ఆ కూడు వండిందెవరు? నీళ్ళు మోసిందెవరు? ఎంగిళ్ళెత్తిందెవరు? వీరగాథలో కత్తి పట్టినవాళ్ళ పేర్లు బోలెడు, గరిటె పట్టినవాళ్ళ పేరు ఒక్కటీ దొరకదు. మడీ, అంటూ, ఎంగిలీ అన్నీ వంటింట్లోనే గదా కాపరముండేది. అక్కడ ఆడవాళ్ళు "వీల్లేదు" అంటే నాయుడు మాత్రం ఏం చేసేవాడు?

గరిటె పట్టిన మనిషి పేరు తెలియాలంటే ఏడువందల ఏళ్ళు దాటి గోదావరి ఒడ్డుకి రావాలి. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. అయినా రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి పెళ్ళి చేయించేసరికి 1881 డిసెంబరు 11. డబ్బు సాయం కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారిది. సరే, డబ్బుంది, చట్టముంది, పెళ్ళికొడుకున్నాడు. వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు రామన్నారు. అప్పుడు వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, తనే వండి వడ్డించింది. అప్పటికావిడకి ముప్ఫయ్యేళ్ళు. వెలి అంటే మగవాడికి నలుగురిలో తలవంపులు, అంతే. ఆడదానికో? పేరంటానికి పిలుపుండదు, రేవులో పలకరింపుండదు, పుట్టింటివాళ్ళు గడప తొక్కరు. అయినా ఆవిడ వెనక్కి తగ్గలేదు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులని యింట్లో పెట్టుకుని, బిడ్డల్లా చూసుకుంది.

తరవాత ఆ గాలి గుంటూరుకీ వచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణగారూ, భార్య లక్ష్మీబాయమ్మగారూ అక్కడ వితంతు వివాహాలు చేయించారు. 1922లో ఆడపిల్లల చదువుకోసం శారదానికేతనం పెట్టారు. ఆ రోజుల్లోనే పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలో ఆయన జైలుకెళ్ళి, అక్కడే 'మాలపల్లి' రాశారు. దొరతనం ఆ నవలని నిషేధించింది, దాంతో మరింత పేరొచ్చింది. ఆయన జైల్లో రాసుకుంటుంటే, బయట ఆడపిల్లల తిండీ చదువూ చూసుకుంటున్నది లక్ష్మీబాయమ్మగారు.