బేగంపేట విమానాశ్రయం: మనం మరచిన చరిత్ర

ఆసఫ్‌జాహీల కాలం అనగానే మనకు మహళ్ళూ, మసీదులూ, దర్బారులూ గుర్తుకు వస్తాయి. ఆ కాలపు ఆధునిక దృష్టికి సాక్ష్యంగా నిలిచిన బేగంపేట విమానాశ్రయం మాత్రం అంతగా స్ఫురించదు.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1930ల్లో, హైదరాబాదు ఏరో క్లబ్బు దీనిని నెలకొల్పింది. 1937లో టెర్మినల్ భవనం వెలసింది. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటా సంస్థ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. రైళ్ళు నడిపిన శాఖే విమానాలకూ పూనుకోవడం గమనించదగిన విషయం. మన దేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఈ సంస్థే. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన పిదప కూడా అది కొనసాగి, 1953 జాతీయకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

1972లో దక్షిణ దిశన కొత్త టెర్మినల్ రావడంతో పాత భవనం వెనుకబడింది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఇక్కడ ప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయాయి.

ప్రాచీన శాసనాన్ని ఎంత శ్రద్ధగా చదువుతామో, ఈ భవనాలనూ అంత శ్రద్ధగా చదవాలి. పాలకుల వైభవమే చరిత్ర కాదు. ఇక్కడ పనిచేసిన పైలట్ల, మెకానిక్కుల, గుమాస్తాల శ్రమ కూడా చరిత్రే. వారి ఇళ్ళలో మిగిలిన ఉర్దూ, ఇంగ్లీషు కాగితాలు చెదలపాలు కాకముందే సేకరించడం మన పరిశోధకుల బాధ్యత.